లారీ స్టీరింగ్‌లో వదులు ఎక్కడిది?

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు చేరి, అక్కడి నుంచి తూర్పు కనుమలెక్కి సుంకి దగ్గర ఒడిశాలో ప్రవేశించే రహదారి ఉత్తరాంధ్రను కోరాపుట్, బస్తర్, రాయపూర్ ప్రాంతాలతో కలుపుతుంది. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారిగా పేరుపడిన ఈ దారిలో, నాతవలస దగ్గర తీర రహదారి నుంచి చీలి కోరాపుట్ దాకా సాగే భాగానికి ఇప్పుడు 26వ నంబరు ఉంది. బొబ్బిలి నుంచి వచ్చే రైలు శాఖామార్గం సాలూరుతో ముగిసిపోతుంది, ఆపైన కొండలే. పట్టాలు ఆగిన చోటు నుంచి సరకును ఘాట్ ఎక్కించే పని లారీలది కావడంతో, వేగావతి ఒడ్డునున్న ఈ చిన్న పట్టణం లారీ యజమానులకు, డ్రైవర్లకు, బాడీ కట్టేవారికి, మెకానిక్ షెడ్లకు నిలయమైంది. రాష్ట్రంలో విజయవాడ తర్వాత లారీలకు పేరున్న ఊరుగా దీన్ని చెప్పుకుంటారు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినా, అక్కడి లారీల బతుకు విజయనగరం, శ్రీకాకుళం రోడ్లతోనే ముడిపడి ఉంది.

ఈ ప్రాంతపు రోడ్లు స్టీరింగ్‌ను రెండు రకాలుగా పరీక్షిస్తాయి. ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం మీదుగా సాగే 16వ జాతీయ రహదారి మీద లారీ గంటల తరబడి దాదాపు తిన్నగా, వేగంగా పరుగెడుతుంది. అక్కడ స్టీరింగ్‌లోని కొద్దిపాటి వదులు కూడా బండిని అటూ ఇటూ ఊగిసలాడిస్తుంది. పాచిపెంట మండలంలోని పి.కోనవలస ఘాట్‌లోనూ, సుంకి మలుపుల్లోనూ పరిస్థితి వేరు. లోడుతో దిగే లారీ బ్రేకు పట్టినప్పుడల్లా బరువు ముందు ఇరుసు మీదికి ఒరుగుతుంది, మలుపు దగ్గర చక్రాలు పూర్తిగా తిరగాల్సి వస్తుంది, ఆ క్షణంలో కీళ్లన్నిటిమీదా ఒక్కసారిగా ఒత్తిడి పడుతుంది. టెక్కలి నీలి గ్రానైటు దిమ్మలు మోసే బండిలోనైతే సరకు బరువంతా ఒకచోటే కుదురుగా పడి ఉంటుంది కాబట్టి, దిమ్మను కాస్త ముందుకు పెట్టినా ముందు ఇరుసు మోయవలసిన దానికంటే ఎక్కువ మోస్తుంది. 2018 జులైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువుల పరిమితిని పెంచినప్పుడు రెండు టైర్లున్న ముందు ఇరుసుకు 6 టన్నులున్న హద్దు 7.5 టన్నులైంది, మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది. పాత బండ్లలోని కీళ్లు మాత్రం పాత లెక్కకే తయారైనవి.

స్టీరింగ్ చక్రాన్ని తిప్పితే ముందు టైర్లు తిరగడానికి మధ్యలో ఏమేం ఉన్నాయో తెలిస్తేనే లోపం వెతకడం అర్థమవుతుంది. చక్రం నుంచి కిందికి దిగే కడ్డీని స్టీరింగ్ కాలమ్ అంటారు. క్యాబిన్ కిందుగా వంపు తిరగాల్సిన చోట దానికి క్రాసు ఆకారపు యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. ఆ కడ్డీ వెళ్లి చేరేది స్టీరింగ్ బాక్సులోకి. చేతి బలాన్ని పళ్లచక్రాల ద్వారా అనేక రెట్లు పెంచేది ఈ బాక్సే: చక్రం దాదాపు 20 డిగ్రీలు తిరిగితే టైరు ఒక డిగ్రీ తిరిగేలా దాని అమరిక ఉంటుంది. బాక్సు నుంచి కిందికి వేలాడే ఉక్కు చెయ్యి డ్రాప్ ఆర్మ్. దాని కొన నుంచి చక్రం వైపు సాగే పొడవాటి కడ్డీ డ్రాగ్ లింక్. డ్రాగ్ లింక్ ఒకవైపు చక్రాన్ని తిప్పగా, ఆ కదలికను రెండో చక్రానికి అందించే అడ్డకడ్డీ టై రాడ్. ఈ కడ్డీల కొనలన్నిటా బాల్ జాయింట్లు ఉంటాయి. మనిషి భుజం కీలులో గుండ్రటి ఎముక గిన్నెలో తిరిగినట్టే, ఉక్కు గోళం ఒక గూటిలో అన్ని వైపులా తిరుగుతూ బలాన్ని అందిస్తుంది. చివరగా, చక్రాన్ని మోసే స్టబ్ యాక్సిల్ ముందు ఇరుసు కొనకు ఒక లావాటి నిలువు మేకుతో తగిలించి ఉంటుంది. అదే కింగ్ పిన్. దాని పైనా కిందా ఇత్తడి లేదా కంచు బుష్‌లు, బండి బరువును మోస్తూ తిరగనిచ్చే థ్రస్ట్ బేరింగ్ ఉంటాయి.

ఈ అమరిక వెనుక రెండు శతాబ్దాల ఆలోచన ఉంది. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ కోణంలో తిరగకపోతే టైరు రోడ్డుమీద ఈడ్చుకుపోతుందని గుర్తించి, ఒక్కో చక్రం విడివిడిగా తన నిలువు మేకు మీద తిరిగే పద్ధతిని మ్యూనిక్‌కు చెందిన బగ్గీల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్ రూపొందించగా, 1818లో రుడాల్ఫ్ అకర్‌మన్ ఇంగ్లండులో దానికి పేటెంటు తీసుకున్నాడు. గుర్రపు బగ్గీ కోసం పుట్టిన ఆ పద్ధతి నేటి పది టైర్ల లారీలోనూ ఉంది. ఇనుప గుండ్ల వరస మీద నడిచే బాక్సు, నూనె ఒత్తిడితో చేతికి సాయపడే పవర్ స్టీరింగ్ 20వ శతాబ్దంలో వచ్చాయి. 1954లో టాటాలు డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టినప్పటి నుంచి కొన్ని దశాబ్దాలపాటు మన డ్రైవర్లు పెద్ద చక్రాన్ని భుజబలంతో తిప్పినవారే. పవర్ స్టీరింగ్ మన లారీలలో మామూలైపోయింది ఆ తర్వాతి కాలంలో.

చట్టం దీని గురించి ఏమంటుందో చాలామంది లారీ యజమానులకు కూడా తెలియదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 98వ నిబంధన ప్రకారం స్టీరింగ్ చక్రంలో వదులు, అంటే టైరు కదలకుండా చక్రం ఊరికే తిరిగే మేర, 30 డిగ్రీలు మించకూడదు. బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులుండాలి. బోల్టులూ పిన్నులూ ఊడిపోకుండా తాళం వేసినట్టు బిగించి ఉండాలి. జనం బ్రేకు ఇన్‌స్పెక్టరు అని పిలుచుకునే మోటారు వాహనాల తనిఖీ అధికారి ఫిట్‌నెస్ ఇచ్చేముందు చూడవలసిన వాటిలో ఇదొకటి. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఈ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) తీసుకోవాలి. అయితే 30 డిగ్రీలనేది చట్టం ఓర్చుకునే చివరి హద్దే తప్ప ఆరోగ్యానికి గుర్తు కాదు. అర మీటరు వ్యాసమున్న చక్రం అంచు మీద 30 డిగ్రీలంటే సుమారు 13 సెంటీమీటర్లు. బాక్సు నిష్పత్తి లెక్కన అది టైరు దగ్గర ఒకటిన్నర డిగ్రీ. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న లారీ టైర్లు ఒకటిన్నర డిగ్రీ పక్కకు తిరిగితే ఒక్క సెకనులో బండి ముప్పావు మీటరు దాకా జరిగిపోగలదు. ఎదురుగా మరో లారీ వచ్చే ఘాట్ రోడ్డులో ఆ ముప్పావు మీటరే ఉన్న జాగా అంతా. పైగా ఫిట్‌నెస్ కాగితం ఒక్క రోజు పరీక్ష ఫలితమే. చిరిగిన రబ్బరు తొడుగులోంచి వాననీరు, ఇసుక దూరితే బాల్ జాయింట్ కొద్ది నెలల్లోనే అరిగిపోతుంది. తుపాన్ల వేళ నీళ్లలో నిలిచిపోయిన బండి విషయంలో ఆ మాత్రం వ్యవధి కూడా దొరకదు.

స్టీరింగ్ చెడిపోవడంలో అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి, అది ఒక్కరోజులో చెడిపోకపోవడం. రోజూ అదే బండి నడిపే డ్రైవరు చేతులు పెరుగుతున్న వదులుకు తెలియకుండానే అలవాటు పడతాయి. తిన్నటి రోడ్డుమీద కూడా చక్రాన్ని ఎడమకూ కుడికీ సర్దుతూ నడపడం అతనికి సహజమైపోతుంది. కొత్తగా ఎక్కిన డ్రైవరు పది నిమిషాల్లో పసిగట్టే లోపాన్ని పాత డ్రైవరు ఆరు నెలలైనా గుర్తించకపోవడానికి కారణం అశ్రద్ధ కాదు, అనుభవమే. కాబట్టి చేతి అంచనా మీద ఆధారపడకుండా, బండి ఆపి కిందికి దూరి చూడడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి.

కిందికి దూరేముందు పైనుంచి తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. ముందు టైర్ల అరుగుదల వాటిలో మొదటిది. టైరు గళ్ల మీద అరచేయి ఒక దిక్కుకు రాస్తే నున్నగా, వెనక్కి రాస్తే పదునుగా తగిలితే, రెండు చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా లేవని, టై రాడ్ పొడవు తప్పిందో వంగిందో చూడాలని అర్థం. టైరు ఒక అంచు మాత్రమే అరిగితే కింగ్ పిన్ బుష్‌ల మీద, లేదా వంగిన ఇరుసు మీద అనుమానం పోవాలి. అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరగడం కీళ్లలో, బేరింగులలో వదులుకు సూచన. ఒక వేగం దగ్గర చక్రం చేతిలో వణకడం, గుంతలో పడగానే టక్కుమని చప్పుడు రావడం, మలుపు తిరిగాక చక్రం తనంత తాను తిన్నగా కాకపోవడం కూడా గమనించదగ్గవి. బండి ఒక పక్కకు లాగుతోందంటే మాత్రం ముందుగా చూడవలసింది టైర్లలో గాలి, ఆ తర్వాత ఒక చక్రానికి బ్రేకు ఎక్కువగా పడుతోందా అన్నది, ఆపైన కమాను కట్ట మధ్య బోల్టు విరిగి ఇరుసు జరిగిందా అన్నది. ఖర్చు లేని కారణాలను మొదట తోసిపుచ్చడం మంచి మెకానిక్ లక్షణం.

అసలు పరీక్షకు ఇద్దరు కావాలి. బండిని గట్టి నేలమీద, చక్రాలు తిన్నగా ఉండేలా, బరువంతా టైర్ల మీదే ఉంచి ఆపాలి. పవర్ స్టీరింగ్ బండి అయితే ఇంజను నడుస్తూ ఉండాలి కనుక, చేతి బ్రేకు వేసి చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టిన తర్వాతే మరొకరు కిందికి వెళ్లాలి. ఒకరు క్యాబిన్‌లో కూర్చుని చక్రాన్ని కొద్దిగా ఎడమకు, కొద్దిగా కుడికి ఆడిస్తూ ఉంటే, కింద ఉన్నవారు స్టీరింగ్ కాలమ్ నుంచి మొదలుపెట్టి ఒక్కో కీలు మీద చేయి ఆనించి చూస్తారు. కీలుకు రెండు వైపులా ఉన్న భాగాలు ఒకేసారి కదిలితే అది బాగున్నట్టు. ఒకటి కదిలిన క్షణం తర్వాత రెండోది కదిలితే వదులు అక్కడే ఉన్నట్టు. యూనివర్సల్ జాయింట్ క్రాసు, బాక్సులోకి వెళ్లే కడ్డీ, డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్ రెండు కొనలు, టై రాడ్ రెండు కొనలు అన్న వరసలో పోతే ఏదీ తప్పిపోదు. బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు సడలి, బాక్సే మొత్తంగా కదలడం కూడా అరుదైనది కాదు. బాక్సు అంచున తుప్పు రంగు పొడి గీత కనిపిస్తే అది కదులుతోందనడానికి సాక్ష్యం.

కింగ్ పిన్ పరీక్ష వేరు. ముందు ఇరుసును జాకీతో లేపి, ఇటుకల మీదో రాళ్ల మీదో కాకుండా గట్టి స్టాండ్ల మీద నిలిపి, టైరు పైభాగాన్నీ కిందిభాగాన్నీ పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాలి. బరువైన చక్రమైతే టైరు కింద గునపం పెట్టి లేపుతూ చూడాలి. చక్రం ఊగితే లోపం కింగ్ పిన్‌లోనైనా ఉండవచ్చు, చక్రపు బేరింగులోనైనా ఉండవచ్చు. అప్పుడు పక్కవారిని బ్రేకు తొక్కమనాలి. బ్రేకు పట్టగానే డ్రమ్ము, బ్రేకు షూలు ఒకటై చక్రం స్టబ్ యాక్సిల్‌కు బిగుసుకుంటుంది. ఊగడం ఆగిపోతే తప్పు బేరింగుది. బ్రేకు పట్టినా ఊగుతూనే ఉంటే కింగ్ పిన్‌ది. ఎలాంటి పరికరమూ అక్కరలేని ఈ ఉపాయం తెలియక, పాడుకాని బేరింగులు మార్చి డబ్బు పోగొట్టుకునేవారు ఉన్నారు.

స్టీరింగ్ బరువెక్కినప్పుడు తర్కం ఇంకోలా నడవాలి. డ్రాప్ ఆర్మ్ నుంచి డ్రాగ్ లింక్ విడదీసి చక్రం తిప్పి చూస్తే, ఇంకా బిగువుగానే ఉంటే లోపం బాక్సులో లేదా కాలమ్‌లో, సులువైపోతే కింగ్ పిన్‌లో లేదా థ్రస్ట్ బేరింగులో అని తేలిపోతుంది. పవర్ స్టీరింగ్‌లో దీనికి ముందు నూనె మట్టం, నూనెలో నురగ, ఫిల్టరు చూసుకోవాలి. నురగ వస్తే ఎక్కడో గాలి చొరబడుతోందన్నమాట. పవర్ స్టీరింగ్ గురించి మరొక మాట చెప్పుకోవాలి. నూనె ఒత్తిడి డ్రైవరు చేతికి హాయినిస్తుంది కానీ, అదే హాయి గ్రీజు అందక బిగుసుకుపోతున్న కింగ్ పిన్‌ను దాచిపెడుతుంది. పాత బండిలో చేతులు నొప్పి పుట్టి చెప్పే సంగతిని కొత్త బండిలో పంపు మౌనంగా మింగేస్తుంది. అందుచేత కొత్త బండ్లకే ఈ తనిఖీ ఎక్కువ అవసరం.

వదులు కనిపించగానే బాక్సు మీదున్న సర్దుబాటు స్క్రూను బిగించడం ఈ రంగంలో అన్నిటికంటే విస్తారమైన తప్పు, దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. లారీ తన జీవితంలో ఎక్కువ భాగం తిన్నగానే నడుస్తుంది కాబట్టి బాక్సులోని పళ్లు మధ్యభాగంలోనే ఎక్కువ అరుగుతాయి, కొసల దగ్గర కొత్తవాటిలాగే ఉంటాయి. మధ్యలోని వదులు పోయేదాకా స్క్రూ బిగిస్తే, చక్రాన్ని పూర్తిగా తిప్పినప్పుడు అరగని పళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని పట్టేస్తాయి. తీర రహదారి మీద ఆ బండి అద్భుతంగా బాగైనట్టు అనిపిస్తుంది. సుంకి మలుపులో పూర్తిగా తిప్పిన చక్రం వెనక్కి రాకుండా నిలిచిపోయినప్పుడు మాత్రం డ్రైవరు ముందు లోయ ఉంటుంది. వదులు బాక్సులోదా, కీళ్లలోదా అన్నది తేల్చకుండా, చక్రాలు తిన్నగా లేకుండా, కంపెనీ చెప్పిన కొలత చూడకుండా ఆ స్క్రూను ముట్టుకోవడం డ్రైవరు ప్రాణంతో ఆడుకోవడమే.

భాగాలు మార్చే పనిలో మొదటి నియమం, స్టీరింగ్ భాగానికి వెల్డింగు, కాల్చి వంపు తీయడం పనికిరావన్నది. డ్రాప్ ఆర్మ్, స్టబ్ యాక్సిల్, స్టీరింగ్ ఆర్మ్ వంటివి ఎర్రగా కాల్చిన ఉక్కును అచ్చులో మోది, ఆపైన లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చి గట్టిదనం తెచ్చినవి. మంట తగిలితే ఆ గట్టిదనం పోతుంది. చల్లగా ఉండగానే వంపు తీస్తే కంటికి కనిపించని పగులు మొదలవుతుంది. ప్రమాదంలో దెబ్బతిన్న బండిలో వంగని భాగాలకు కూడా పగుళ్లున్నాయేమో చూడాలి: శుభ్రంగా కడిగి ఎర్రరంగు ద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే పగులు ఉన్న చోట ఎర్రగీత తేలుతుంది. షెడ్లలో కిరసనాయిలు, సుద్దపొడితో చేసే పరీక్ష ఇదే సూత్రం మీద నడుస్తుంది, ఖర్చు లేనిది కనుక దాన్ని మానవలసిన పనిలేదు.

టై రాడ్ కొనలోని బాల్ జాయింట్ ఏటవాలుగా సన్నబడే కాడతో కంతలో దిగి బిగుసుకుని ఉంటుంది. దాన్ని ఊడదీయడానికి మర కొన మీద సుత్తితో కొట్టకూడదు. పుల్లరు అనే లాగుడు పరికరం వాడాలి. అది లేకపోతే, బయటి కంత అంచుకు ఒకవైపు బరువైన సుత్తి ఆనించి రెండోవైపు మరో సుత్తితో కొడితే కంత క్షణంపాటు సాగి కాడ వదులుతుంది. విప్పేముందు కొన ఎన్ని చుట్లు లోపల ఉందో లెక్కపెట్టి, మొత్తం పొడవు కొలిచి రాసుకోవాలి. టై రాడ్ ఒక కొనకు కుడి మర, రెండో కొనకు ఎడమ మర ఉంటాయి, గొట్టాన్ని తిప్పితే పొడవు మారడానికే ఆ ఏర్పాటు. కొత్త కాడ దిగే కంతను నూనె, తుప్పు లేకుండా తుడవాలి. గాడ్లున్న నట్టును చెప్పిన బిగువుకు బిగించాక స్ప్లిట్ పిన్ రంధ్రం ఎదురు పడకపోతే, నట్టును ఇంకాస్త బిగించి కలపాలే తప్ప వెనక్కి సడలించకూడదు. పాత పిన్ను మళ్లీ వాడకూడదు. రెండు రూపాయల పిన్ను మీద ఇంత పట్టు ఎందుకని అడిగేవారికి 98వ నిబంధన జవాబు చెబుతుంది: తాళం పడని నట్టు చట్టం దృష్టిలో బిగించని నట్టే.

కింగ్ పిన్ మార్చడం దీనికి పదింతల పని. చక్రం, హబ్బు, బ్రేకు విప్పి, మేకును పట్టి ఉంచే తాళపు పిన్నును తీసి, ప్రెస్సుతో గానీ బరువైన దెబ్బలతో గానీ మేకును దించాలి. పిన్ను ఒక్కటే మార్చి బుష్‌లు వదిలేయడం, ఒకవైపు మాత్రమే మార్చడం రెండూ డబ్బు దండగే. కొత్త బుష్‌ల గ్రీజు రంధ్రం స్టబ్ యాక్సిల్‌లోని రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉండేలా దించాలి. అది తప్పితే ఎన్నిసార్లు గ్రీజు కొట్టినా లోపలికి పోదు. ఆ తర్వాత పైనా కిందా బుష్‌లను ఒకే పొడవాటి రీమరుతో, అంటే లోపలి వ్యాసాన్ని సన్నగా గీకి సరిచేసే పనిముట్టుతో, ఒకే గీతలోకి తేవాలి. విడివిడిగా గీకితే మేకు ఒరుగుతుంది. నిలువు వదులును పలుచని షిమ్ములతో సరిదిద్ది, చేత్తో తిప్పితే మెత్తగా, ఎక్కడా పట్టకుండా తిరుగుతోందా చూడాలి. గ్రీజు కొట్టేటప్పుడు ఇరుసును లేపి కొట్టడం మంచిది. చక్రాలు నేలమీదుంటే థ్రస్ట్ బేరింగు బరువు కింద నలిగి ఉండి లోపలికి గ్రీజు తీసుకోదు.

భాగాలు మారాక చక్రాల అమరిక సరిచూడకుండా బండిని రోడ్డెక్కించకూడదు. టైర్ల ముందు అంచుల మధ్య దూరం, వెనుక అంచుల మధ్య దూరం కొలిచి రెండింటి తేడాను కంపెనీ చెప్పిన కొద్ది మిల్లీమీటర్లలోకి తేవాలి. నైలాన్ టైర్లకు చెప్పిన లెక్కను రేడియల్ టైర్లకు వాడకూడదు. బండి తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ చక్రం వంకరగా ఉంటే దాన్ని ఊడదీసి తిన్నగా తగిలించడం కొందరి అలవాటు. అలా చేస్తే చక్రం తిన్నగా కనిపిస్తుంది కానీ లోపల బాక్సు మధ్యస్థానం తప్పి, ఒకవైపు మలుపుకు తక్కువ, రెండోవైపుకు ఎక్కువ తిరుగుతుంది. సరిదిద్దవలసింది డ్రాగ్ లింక్ పొడవును. చక్రాన్ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరు కమాను కట్టకు గానీ గొట్టాలకు గానీ తగలకుండా ఆపే బోల్టులు సరిగా ఉన్నాయో లేదో కూడా చూడాలి.

మరమ్మతు నాణ్యతను నిర్ణయించేది చాలాసార్లు మెకానిక్ నైపుణ్యం కంటే డబ్బు ఎవరిదన్నదే. చక్రం పట్టుకునేది డ్రైవరు, ఖర్చు పెట్టేది యజమాని, లోడు తొందరపెట్టేది మరొకరు. ముగ్గురిలో ప్రాణం పణంగా ఉన్నది డ్రైవరుకు, అతని పక్కనున్న క్లీనరుకు. డ్రైవరు చెప్పిన లోపాన్ని తేదీతో సహా ట్రిప్పు పుస్తకంలో రాసుకునే పద్ధతి పెట్టుకుంటే, ఎవరు ఎప్పుడు చెప్పారు, ఏ కీలు మార్చారు అన్నది మాటల్లో తేలిపోకుండా ఉంటుంది. కొత్త భాగాలతో మొదటిసారి ఘాట్ ఎక్కి దిగి వచ్చిన బండిని మరో లోడు వేసేముందు ఒకసారి లేపి, డ్రాప్ ఆర్మ్ నట్టును, టై రాడ్ బిగుతు క్లిప్పులను, బాక్సు బోల్టులను పానాతో పట్టి చూడాలి. కొత్తగా కూర్చున్న భాగాలు మొదటి ఒత్తిడికే కొంత సర్దుకుంటాయి. విప్పిన పాత బాల్ జాయింట్లను పాత ఇనుము వాడికి అలాగే అమ్మితే అవి కడిగి, రంగు పూసుకుని, సగం ధరకు మరో చిన్న యజమాని బండికి చేరే అవకాశముంది కనుక, వాటి కాడలను గ్యాసు మంటతో కోసి ఇవ్వడం మేలు.